బుగ్గన పెట్టుకున్న మందు

"కర్నూలు ప్రజలకు శవవార్త!"

కిటికీ అవతల వీధిలోంచి మైకు ఆ మాట అనేసరికి ఆస్పత్రి హాల్లో కూర్చున్న పదిహేను మందీ ఒక్కసారిగా మెడలు తిప్పారు. ఇంజెక్షను చేయించుకొచ్చిన పెద్దాయన మోచేతి దగ్గర దూది అదిమిపట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరు పోయారో పేరు చెబుతుందని అందరూ ఊపిరి బిగబట్టారు. మైకు తాపీగా, ఒక దగ్గు దగ్గి, "ఒక చీర కొంటే ఇంకొక చీర ఉచితం" అంది. మూల కూర్చున్న పరమేష్ అనే ట్రాక్టరాయన, "శుభవార్త అంటప్పా, శుభవార్త! నేనేమో శవానికి గూడా చీర ఉచితమేమో అనుకుంటి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నవ్వు చల్లారాక చూస్తే నవ్వనివాడు ఒక్కడే మిగిలాడు. స్తంభం చాటున, ఒళ్ళో పలక, జేబులో బలపం పెట్టుకుని కూర్చున్న వీరభద్ర. ఎందుకంటే ఆ గొంతు అతనిదే. 'శు'లో కొమ్మును మింగేసింది కూడా అతనే, పోయిన ఉగాది నాడు, గొంతు మొదటిసారి మోసం చేసిన రోజున.

ముప్పయ్యేళ్ళు కర్నూలు వీధుల్లో ప్రచార ఆటో ముందు సీట్లో కూర్చుని మైకు పట్టిన మనిషి. కరెంటు కోతలూ, కోచింగు సెంటర్లూ, తప్పిపోయిన గేదెలూ, పెద్దకర్మలూ అన్నీ ఆ నోటినుంచే ఊరికి తెలిసేవి. నాగలత, అంటే అతని భార్య, పెళ్ళయిన కొత్తలోనే అతనికి మైకాసురుడని పేరు పెట్టింది. అలాంటి మైకాసురుడు ఆరు వారాలుగా మౌనవ్రతంలో ఉన్నాడు. డాక్టరమ్మ గుసగుస కూడా వద్దంది. గుసగుసకు గొంతు మరీ అలిసిపోతుందట. సరే, గుస పోయింది, గోస మిగిలింది. గొంతు మాత్రం అతను లేకుండా ఆటో ఎక్కి తిరుగుతోంది. ఆటో నడిపే ఏసుబాబు పాత రికార్డింగులను ఫోనులో ముక్కలు కోసి, అతుకులు వేసి, కొత్త ప్రకటనలు కుడుతున్నాడు. 'కర్నూలు ప్రజలకు' ఒక ఎన్నికల నాటిది, 'శుభవార్త' ఉగాది నాటిది, 'ఒక చీర' ఏ దుకాణానిదో, 'ఉచితం' కంటి శిబిరానిది. వీరభద్ర ఏనాడూ అనని వాక్యాన్ని వీరభద్ర గొంతు అంటోంది. అతుక్కీ అతుక్కీ మధ్య ఉగాది నాటి దగ్గు ఒకటి ఉండిపోయింది, ఏసుబాబు కత్తెరకు అందలేదు. చీరల దుకాణం పక్క సందులోనే కాబట్టి ఆటో ఏడెనిమిది నిమిషాలకోసారి ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది. వస్తుంది, పిలుస్తుంది, దగ్గుతుంది, పోతుంది. ఆ దగ్గు రాబోయే ముందు ఇక్కడ కుర్చీలో వీరభద్ర గొంతు తనంతట తానే బిగుసుకుంటోంది. ఎవరిది ఎవరికి వస్తోంది? ఆటోలో పోతున్నది మనిషా, స్తంభం చాటున మిగిలింది రికార్డింగా?

మిట్టమధ్యాహ్నం. దసరా వెళ్ళి వారమైనా కర్నూలు ఎండకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గేటు దగ్గరి వేపచెట్టు నీడ చెట్టు కిందికే ముడుచుకుపోయింది, లోపలికి వస్తున్న మనుషులకు నీడల్లేవు. రాత్రినుంచి కడుపు ఖాళీ, గొట్టం వేసి చూస్తారు కాబట్టి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నారు. ఖాళీ కడుపు మాట్లాడుతోంది, పొగరుబోతు. యజమాని నోరు మూసుకుంటే ఇది నోరు తెరిచింది. తెల్లవారుజామున మూడింటికి గుండెల వెనకనుంచి పుల్లగా, వేడిగా ఎగదన్నుకొచ్చే ఆ నీళ్ళు యాసిడట. ఏ సైడు నుంచి వస్తుందో తెలిసేది కాదు. పడుకున్నవాడి గొంతు గడప దాకా వచ్చి, కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి దిగిపోయేది, రాత్రిళ్ళు తలుపు తీసి చూసి వెళ్ళే అత్తగారిలా. దాని రాకపోకలకే స్వరపేటిక ఎర్రగా వాచిందనీ, ఎడమవైపు మెంతిగింజంత బొడిపె ఉందనీ ఆరు వారాల కింద డాక్టరమ్మ తెరమీద చూపించింది. తెర మీద ఎర్రటి గుహ, గుహలో రెండు తెల్లటి తలుపులు, తలుపులు కొట్టుకుంటున్నాయి. ముప్పయ్యేళ్ళ కూడు పెట్టింది ఆ రెండు తలుపులేనా అని నోరెళ్ళబెట్టి చూశాడు, నోట్లో గొట్టం ఉంది కాబట్టి ఎలాగూ నోరు తెరిచే ఉంది. "మందు సరిగ్గా ఏసుకోండి. ఆరు వారాలకు వాపు తగ్గల్ల. తగ్గకపోతే ఆ బొడిపెలో ముక్క కోసి పరీక్షకు పంపుదాం" అంది. ముక్క అన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది. గొంతుల సంగతి తెలిసినవాడు కాబట్టి అతనికది వినపడింది. ముక్క కోశాక తలుపులు మళ్ళీ కలుసుకుంటాయా అని పలక మీద రాసి అడిగాడు. చూద్దాం అంది.

చూద్దాం అన్న రోజు ఇవాళే. వాపు తగ్గలేదని అతనికి తెలుసు. పొద్దున స్నానాల గదిలో తలుపేసుకుని, దొంగతనంగా, ఒక్కసారి 'శుభ' అని చూశాడు. శవ అని కూడా రాలేదు. గాలి వచ్చింది, అంతే.

దానికి తోడు ఇందాకటి సంగతొకటి. పదకొండింటికి నర్సు శ్రావణి తలుపు దగ్గర నిలబడి "వీరభద్ర!" అని పిలిచింది. ఇతను చెయ్యెత్తాడు. స్తంభం అడ్డు. మళ్ళీ పిలిచింది. లేచి పరుగెత్తేలోగా "ఉండాడా లేడా?" అని హాల్లోకి చూసి, ఎవరూ పలక్కపోతే, కాగితం మీద ఏదో గీసేసి ఇంకొకరిని పిలుచుకుంది. అతను పోయి పలక చూపిస్తే, "పలకాలి గదప్పా! లేరనుకున్నా. కూర్చోండి, చివర్లో పిలుస్తా. ఆలోపు మీరేసుకునే మందులన్నీ డాక్టరమ్మ చూడల్లంట, తెప్పించండి" అంది. పలకమంటే ఉన్నది పలకే, ఏం చేస్తాడు! నాగలత మందుల డబ్బా కోసం ఇంటికి పరుగెత్తింది. లేరనుకున్నా, లేరనుకున్నా. ఊళ్ళో సగం మందిని లేరని మైకులో చెప్పిన నోరే, తాను ఉన్నానని చెప్పుకోలేకపోయింది.

డబ్బా అంటే గుర్తొచ్చింది. అది శేషన్న ఇచ్చిన స్టీలు డబ్బా. మంత్రాలయంలో ఆరాధన ఉత్సవాలకు మైకు దగ్గర కూర్చుని తప్పిపోయిన వాళ్ళ పేర్లు పిలిచే శేషన్న, ఇరవై రెండేళ్ళ వీరభద్రను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన మొదటి పాఠం పేర్లు పలకడం కాదు, బుగ్గ వాడటం. లవంగం, కలకండ, కరక్కాయ ముక్క, అతిమధురం, ఏదైనా సరే ఎడమ బుగ్గన పెట్టి, నమిలి, నానబెట్టి, ఆ రసం చుక్కచుక్కగా గొంతులోకి జారనివ్వాలి. "గొంతు మందు గొంతులోనే నిలబడల్లప్పా. కడుపులోకి పోయినాక అది కడుపు సొత్తు" అనేవాడు. మైకు పట్టేవాళ్ళందరి మతం అదే. ఆదోని నుంచి మైదుకూరు దాకా ఏ మైకాయన్ని చూడండి, ఒక బుగ్గ కాస్త ఉబ్బి ఉంటుంది, దవడన ఉడుతను దాచుకున్నట్టు. శేషన్న చివరి రోజుల్లో ఆయన గొంతూ పోయింది. టీ కొట్టు ముందు కూర్చుని పెదాలు ఆడించేవాడు, శబ్దం ఉండేది కాదు. దగ్గరికి పోయి చెవి పెడితే తప్పిపోయిన వాళ్ళ పేర్లు. ఒకదాని వెనక ఒకటి. ఆయన పోయినప్పుడు బుగ్గన లవంగం అలాగే ఉంది. ఊరంతా తిరిగి ఆ వార్త చెప్పింది వీరభద్రే. ఇప్పుడు తన పెదాలు ఆడుతున్నాయా? చేత్తో తడుముకున్నాడు. ఆడుతున్నాయి.

మైకు మళ్ళీ వస్తోంది. మొదట వీధి చివర, గాజు సీసాలో ఈగలా. "...ప్రజలకు శవ..." వచ్చింది. దగ్గు. పోయింది.

పక్క కుర్చీలోని ముసలామె అప్పుడు తలెత్తింది. పేరు వెంకటేశ్వరమ్మ అని నర్సు పిలుస్తుంటే విన్నాడు. కోసిగి వైపు పల్లె, ఇప్పుడు ఓర్వకల్లులో కూతురి దగ్గర ఉంటున్నానని ఇందాకే ఎవరికో చెప్పింది. మోకాళ్ళ చుట్టూ గుడ్డలు కట్టుకుంది. పెదాల మూలల్లో తెల్లటి జెల్ మందు సున్నంలా ఎండి ఉంది. మొహం కూడా ఆ రంగులోనే ఉంది. కిటికీ వైపు చూస్తూ, చాలా మామూలుగా, వంటింటి సంగతి చెప్పినట్టు అంది.

"ఆ గొంతాయప్ప సచ్చిపాయనంట, తెలుసునా?"

వీరభద్ర కుర్చీలో గిరుక్కున ఆమె వైపు తిరిగాడు.

"మొన్న మా ఓర్వకల్లుకు వచ్చె ఆ ఆటో. ముందర సీట్లో డ్రైవరు పక్కన ఎవురూ లేరు. ఆటో మింద ఆయప్ప పటం ఉండాది, పటానికి పూలదండ ఏసినారు. దండ వాడిపోయిండాది గూడా. మాట మాత్రం వస్తానే ఉండాది. నేను మా కూతురితో అంటి, సూడే, మనిషిని పూడ్చినా నోటిని పూడ్చలేదు అని."

పటం! ఆటో వెనక ఇరవయ్యేళ్ళ కిందటి ఫోటో, కోర మీసం, నల్ల జుట్టు, చేతిలో మైకు. ఆయుధపూజ నాడు ఏసుబాబు ఆటోకి, బ్యాటరీకి, స్పీకరుకు దండలు వేసి, మిగిలిన దండ ఏం చేయాలో తెలియక... ఒరేయ్ ఏసుబాబూ! వీరభద్ర గబగబా పలక తీసి, ఇంతింత అక్షరాలతో, 'అది నేనే. బతికే ఉన్నాను' అని రాసి ఆమె మొహం ముందు పెట్టాడు. ఆమె పలకను అటూ ఇటూ చూసి, ముద్దుగా రాసిన పిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు తలూపి, "నాకు సదువు రాదు నాయనా" అంది.

అయిపోయింది. నోరున్నవాడికి మాట లేదు, చెవులున్న ఆమెకు చదువు లేదు. ఈ ఇద్దరి మధ్య ఒక మనిషి బతికి ఉన్నాడన్న సంగతి పలక మీద సున్నపు గీతలై నిలబడింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూపించాడు, నేను, నేను. "నొప్పా? నాకూ ఆడనే మంట" అంది. నోరు తెరిచి చూపించాడు. "పాపం, మూగోనివా" అంది. ఇక ఆమెకు అడ్డు లేదు. మూగవాడి ముందు మనుషులు ఎంత ధైర్యంగా మాట్లాడతారో ముప్పయ్యేళ్ళ మాటకారికి ఆ నిమిషంలో తెలిసింది.

"ఆ గొంతు నాకు ముందే ఎరికె. మంత్రాలయంలో మా ఆయప్ప తప్పిపోతే ఆ గొంతే పిల్సింది. పొద్దుగూకిందాకా పిల్సింది. ఎంత బాగా పిల్సినాడనుకున్నావు! సొంత తమ్ముడు పిల్సినట్ల. మా ఆయప్ప బతికుంటే వచ్చేటోడే."

చిన్న ఈరన్న.

ఆమె పేరు చెప్పలేదు. అతనికే వచ్చింది, ఎడమ బుగ్గలోంచి రసం ఊరినట్టు. కోసిగి దగ్గర పల్లె, తెల్ల పంచె, ఎర్ర కండువా. చిన్న ఈరన్నా, ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి, నీ భార్య వెంకటేశ్వరమ్మ నీ కోసం ఎదురుచూస్తోంది. మొదటిసారి గట్టిగా, పదోసారి మెల్లగా. శేషన్న భోజనానికి పోతే తానే పిలిచాడు. మైకు బల్ల పక్కన నేల మీద ఒక నడివయసు ఆడమనిషి, ఒళ్ళో తడి బట్టల మూట, ప్రతి పిలుపుకూ గుంపు వైపు చూసేది, వస్తున్నాడేమోనని. తుంగభద్ర నిండుగా పోతోంది ఆ ఏడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. శేషన్న వచ్చి మైకు చేతిలోంచి తీసుకుని, ఆపబ్బా, అన్నాడు. ఆమె లేచి అతని దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. ఏమడిగింది? ఇంకొక్కసారి పిలువు నాయనా అంది. అతను పిలవలేదు. పక్క దుకాణం ప్రకటన చదవాల్సి ఉంది. తరువాత ఎప్పుడో రాత్రుల్లో, యాసిడు గడప దాకా వచ్చినప్పుడు, ఆ పిలవని ఒక్క పిలుపు కూడా దానితోపాటు పైకి వచ్చి నిలబడేది. ఇంకొక్కసారి పిలిచి ఉంటే? నదికి మైకు వినపడుతుందా?

ఇప్పుడామె అతని పక్కనే కూర్చుని, చనిపోయిన వీరభద్రను మెచ్చుకుంటోంది.

ఆమె ముందుకు వంగింది. జెల్ మందు పిప్పరమెంటు వాసన. "నువ్వు మూగోనివి గాబట్టి చెప్తాండా. ఈ మోకాళ్ళకు నొప్పి బిళ్ళలు ఏసుకుంటా దినామూ, రెండు రెండు. కడుపు మంట ఎత్తితే ఈ తెల్ల మందు బుడ్డి ఎత్తి తాగుతా. నాలుగు దినాల నుంచీ దొడ్డికి నల్లగా పోతాంది నాయనా, తారు మాదిరి, జిగటగా. కండ్లు తిరుగుతాండాయి. కూతురికి చెప్పలే. పిల్ల భయపడతాది. ఆ సచ్చినాయప్ప గొంతు వస్తాంది సూడు, అది నన్నే పిలుస్తాందేమో అనిపిస్తాంది."

మైకు వచ్చింది. శవవార్త. దగ్గు.

తారు. ఆరు వారాల కింద నర్సు అతన్ని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నల్లో మూడోది అదే. మింగేటప్పుడు అన్నం అడ్డం పడుతోందా, బరువు తగ్గావా, దొడ్డికి తారులా నల్లగా పోతోందా? మూడోదానికి అతను పలక మీద జోకు రాయబోతే ఆమె నవ్వలేదు. అది లోపల నెత్తురు కారుతున్న గుర్తప్పా, అలా అయితే పొద్దూ రాత్రీ చూసుకోకుండా రావాలి, అంది. నొప్పి బిళ్ళలు వాడేవాళ్ళకు మరీనూ. వీరభద్ర కుర్చీలో ముందుకు జరిగాడు. ఈమె చెబుతున్నది దయ్యం మాట కాదు, నెత్తురు మాట. చెప్పింది మాత్రం మూగవాడికి. ఊళ్ళో ఎవరి వార్త వాళ్ళకు చేర్చడమే కదా తన పని! ముప్పయ్యేళ్ళలో ఇంత అవసరమైన ప్రకటన చేతికి ఎప్పుడు వచ్చింది? వచ్చిన రోజున గొంతు పక్క సందులో చీరలు అమ్ముతోంది. లేచాడు. పలక మీద 'బతికే ఉన్నాను'ను మోచేత్తో తుడిచేశాడు. అరచేతిలో బలపం రెండు ముక్కలైంది. చిన్న ముక్కతోనే రాశాడు. 'వెంకటేశ్వరమ్మ. నాలుగు రోజులుగా తారులా నల్లగా. నొప్పి బిళ్ళలు. కళ్ళు తిరుగుతున్నాయి. నాకంటే ముందు ఈమె.' తలుపు తోసుకుని లోపలికే పోయి శ్రావణి కళ్ళ ముందు పట్టుకున్నాడు. ఆమె విసుక్కోబోయి, చదివి, ఆగిపోయింది. నిమిషంలో చక్రాల కుర్చీ వచ్చింది. ముసలామె నాడి పట్టుకుని, తలుపు పక్కనే మంచం మీద పడుకోబెట్టి, చేతికి సెలైను ఎక్కించి, నెత్తురు పరీక్షకు తీశారు. "నీకెవురు చెప్పినారే? నేను మూగోనికి గదా చెప్పింది!" అని ఆమె గొడవ తెరిచి ఉన్న తలుపులోంచి హాలంతా వినపడింది.

అప్పుడే నాగలత చెమటలు కక్కుతూ డబ్బా తెచ్చింది. లోపలినుంచి డాక్టరు తనూజ బయటికి వచ్చి, "ఎవరప్పా ఆ పలక రాసింది? ఆమెను కాపాడినావు పో. ఏదీ, నీ మందులు చూపించు" అని నిలబడే డబ్బా మూత తీసింది. మూత తీసి లోపలికి వంగి చూసింది. హాలంతా మెడలు చాచింది. వీరభద్ర కూడా చూశాడు, రోజూ చూసేదే అయినా ఇవాళ కొత్తగా కనిపించింది. కలకండ, లవంగాలు, వాటి చుట్టూ నీలం, గులాబీ రంగు ఖాళీ తొడుగులు. డజన్ల కొద్దీ క్యాప్సూలు తొడుగులు, సగం సగం, లోపల ఏమీ లేక, ఊపిరికి కదులుతూ. పురుగులు వదిలి పోయిన చర్మాల్లా. ఎవరో లోపలినుంచి లేచి వెళ్ళిపోయినట్టు.

"ఇవి ఖాళీగా ఉండాయేం?"

నాగలత చెప్పింది. "ఆయప్ప కొరికి ఇప్పుతాడు మేడమ్. లోపలుండే తెల్ల గింజలు బుగ్గన పోసుకుని నమల్తాడు. గొంతు మందు గొంతులోనే ఉండల్లంట. తొడుగు ప్లాస్టిక్కంట, పారేస్తే పాపమని డబ్బాలో ఏస్తాడు. టైము మాత్రం తప్పడు, తిండికి అరగంట ముందు గడియారం పెట్టుకోని నమల్తాడు."

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. తరువాత నవ్వింది. తరువాత హాలు వైపు తిరిగింది, పరమేష్ చేతిలో కూడా ఏదో గ్యాసు మాత్రల అట్ట కనపడింది కాబట్టి. "అందరూ వినండప్పా, ఇది ఈయన ఒక్కడి కథ కాదు. ఈ గింజ గింజకూ పైన పూత ఉంటాది. కడుపులో పులుపుకు కరగకుండా కడుపు దాటి, పేగులో కరిగి, నెత్తురులో కలిసి, అప్పుడు పోయి ఆ పులుపు ఊరేచోటును మూస్తాది. గొంతుకు తగలాల్సిన పనే లేదు. ఈయన పూతను పళ్ళతో పగలగొట్టి పంపినాడు. కడుపులో పులుపు మందునే తినేసింది. ఆరు వారాలు మందు ఏసుకున్నట్టు కాదు, మందుకు మందు పెట్టినట్టు."

"మరి నాకు షాపాయన నమిలి మింగమనె గదా?" అన్నాడు పరమేష్.

"అది నమిలే బిళ్ళ. అది నమలాల్సిందే. ఇది మింగాల్సిందే, నిండు గ్లాసు నీళ్ళతో. జెల్ బుడ్డి బాగా కుదిపి, మూతతో కొలిచి తాగేది, బుడ్డి ఎత్తి కాదు. వేరే మాత్రలకూ దానికీ రెండు గంటలు ఎడం ఉండల్ల, లేకుంటే వాటినీ పనిచెయ్యనీదు. నీళ్ళలో బుసబుసమనే పొడిలో ఉప్పుంటాది, బీపీ ఉన్నోళ్ళు అడక్కుండా తాగొద్దు. అన్నీ గ్యాసు మందులే అని అన్నిటినీ ఒకే తీరు ఏసుకుంటే ఎట్లప్పా? క్యాప్సూలు మింగలేకపోతే మాకు చెప్పండి. కొన్ని రకాలు ఇప్పి మెత్తటి తిండి మీద చల్లుకోని నమలకుండా మింగొచ్చు. ఏ రకమో మేం చెప్పల్ల."

దూది పట్టుకున్న పెద్దాయన మెల్లగా లేచాడు. "నేను ఏడేండ్లుగా దినామూ మింగుతాండా మేడమ్. నమల్లేదు. ఎవుర్నీ అడగలేదు గూడా. కాళ్ళు తిమ్మిర్లు."

"ఏండ్లకేండ్లు అడక్కుండా మింగకూడదు పెద్దాయనా. అట్లని రేపే ఆపొద్దు. లోపలికి రా, నెత్తురులో బీ పన్నెండు విటమిను తగ్గిందేమో చూస్తాం."

హాలు హాలంతా ఎవరి బుడ్డి వాళ్ళు, ఎవరి అట్ట వాళ్ళు బయటికి తీసి చూసుకుంటోంది. శేషన్న ఉంటే ఏమనేవాడు? మంత్రాలయంలో మొదలైన గొంతు మాత్రాలయంలో తేలింది. ఇందులో నవ్వాలా, ఏడవాలా? ఆరు వారాలు నమిలింది మందును కాదు, తన గొంతునే. వీరభద్ర పలక తీశాడు. 'అయితే కోయరా?' డాక్టరమ్మ చదివింది. నవ్వు తీసేసి చెప్పింది. "గొట్టం ఇప్పుడే ఏసి చూస్తా. మందు తప్పుగా ఏసుకున్నావని చూడ్డం మానం. బొడిపె పెరిగుంటే ఇయ్యాలే ముక్క తీస్తా. పెరక్కపోతే, మందు సరిగ్గా మింగి మళ్ళీ రావల్ల. వాయిదా మాత్రం లేదు. పేరు పిలుస్తాది, రా." లోపలికి పోయింది.

మైకు మళ్ళీ వస్తోంది. వీధి మలుపులో. ఈసారి నాగలత కిటికీలోంచి తల బయటపెట్టి, కర్నూలు మొత్తానికి వినపడేలా అరిచింది. "ఏసుబాబూ! ముందా పటం మీద దండ తియ్యిరా! మనిషి ఈడ బతికే ఉంటే పటానికి దండేస్తావా!" మైకు టక్కున ఆగింది. దగ్గు కూడా రాలేదు. వీధంతా ఒక్క క్షణం ఎంత నిశ్శబ్దమైందంటే సెలైను చుక్క రాలడం వినపడింది. "ఆయుధపూజకు ఏసిందక్కా, యాడ పారేయల్నో తెలీక..." అని బయటినుంచి ఏసుబాబు నసుగుడు. హాల్లోని పదిహేను మందీ మొదట కిటికీని, తరువాత స్తంభం చాటున మనిషిని చూశారు. మనసులోనే అతనికి పటంలోని మీసం కలిపి, జుట్టు నలుపు చేసి, చేతిలో మైకు పెట్టి చూసుకున్నారు.

మంచం మీద పడుకున్న వెంకటేశ్వరమ్మ కూడా తల తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. మంత్రాలయంలో మైకు బల్ల పక్కన కూర్చుని గుంపులోకి చూసినట్టే. అతను తల దించుకున్నాడు. ఇంకొక్కసారి పిలువు నాయనా. పిలవలేదు. ఆ మాట రాయడానికి పలక చాలదు.

తలుపు తెరుచుకుంది. శ్రావణి కాగితం పట్టుకుని గడప మీద నిలబడింది. అలవాటుగా, హాలు చివరికి వినపడేలా పిలిచింది.

"వీరభద్ర!"

అతను చెయ్యెత్తేలోపే, సెలైను గొట్టం ఉన్న చేతిని పైకెత్తి, వెంకటేశ్వరమ్మ పలికింది.

"ఉండాడమ్మా! ఈడనే ఉండాడు!"